పైనిప్పు మీద పదిహేను పొరలు

కేకు చెయ్యడమంటే మనలో చాలామందికి తెలిసిన పద్ధతి ఒక్కటే. పిండి, వెన్న, పంచదార, గుడ్లు కలిపి టిన్నులో పోసి, ఓవెన్‌లో పెట్టి తలుపు మూస్తాం. ముప్పావుగంట పోయాక తీస్తాం. మధ్యలో ఎవరైనా తలుపు మీద చెయ్యి వేస్తే, "తియ్యకు, తియ్యకు, అణిగిపోతుంది!" అని ఇంట్లో ఎవరో ఒకరు అరుస్తారు. కాని మూడు నాలుగు నిమిషాలకొకసారి తలుపు తియ్యక తప్పని కేకు ఒకటి ఉన్నది. పదిహేనుసార్లు తలుపు తీసి, పదిహేనుసార్లు పిండి పరిచి, పదిహేనుసార్లు కాల్చవలసిన కేకు అది. దాని పుట్టిల్లు జర్మనీ. పేరు బౌమ్‌కూఖెన్. వారి భాషలో బౌమ్ అంటే చెట్టు, కూఖెన్ అంటే కేకు. మనం చెట్టు కేకు అనుకోవచ్చు.

ఆ పేరు ఎందుకు వచ్చిందో కోసి చూస్తే గాని తెలియదు. రంపంతో కోసిన మానులో ఏటికొక్కటి చొప్పున వలయాలు కనిపిస్తాయి చూశారూ, సరిగ్గా అటువంటి వలయాలే ఈ కేకులోనూ కనిపిస్తాయి. లేత పసుపుపచ్చ పొర, దాని మీద సన్నని ఎర్రని గీత, మళ్ళీ పసుపుపచ్చ పొర. ఆ గీతలు రంగు పూసి తెచ్చినవి కావు. ఒక్కొక్క పొర కాలినప్పుడు దాని పైభాగం ఎర్రబడుతుంది. ఆ ఎరుపే గీత. అంటే గీతలు లెక్కపెడితే, చేసినవారు పొయ్యి దగ్గర ఎన్నిసార్లు ఓపిక పట్టారో లెక్క తేలుతుందన్నమాట.

రెండేళ్ళ క్రితం మా మేనల్లుడు జర్మనీ నుంచి సెలవులకు వస్తూ ఒక చిన్న డబ్బా పట్టుకొచ్చాడు. అందులో ఉన్నది ఇదే. తిన్నవారందరూ బాగుందన్నారు. నాకు మాత్రం రుచి కంటె ఆ గీతల మీదికే మనసు పోయింది. ఇంట్లో చెయ్యలేమా అన్న పురుగు ఆనాడే తొలిచింది.

కర్రకు కట్టిన కేకు

జర్మనీలో కేకు పనివారు దీనిని టిన్నులో చెయ్యరు. పొడుగాటి రోకలి వంటి కర్రదుంగను మంట ముందు అడ్డంగా అమర్చి, దానిని నెమ్మదిగా తిప్పుతూ ఉంటారు. తిరుగుతున్న దుంగ మీద పలుచని పిండి పోస్తారు. అది దోరగా కాలగానే మరొక వరుస. అలా పదిహేను, ఇరవై వరుసలు. చెయ్యి తిరిగినవారు ముప్ఫై దాటిస్తారు. చివరకు దుంగ లాగేస్తే మధ్యలో బోలుగా, నిలబెడితే చిన్న చెట్టు బోదెలా కనిపిస్తుంది. దాని మీద పంచదార పాకమో, చాక్లెట్టో పోస్తారు. ఈ పని వచ్చినవాడే నిజమైన పనివాడని అక్కడ లెక్క. దీనికి కేకులకు రాజు అన్న పేరు కూడా ఉన్నది.

ఇది నిన్న మొన్నటిది కాదు. పదిహేనవ శతాబ్దినాటికే పిండిని తాడులా పేని ఇనుపఊచకు చుట్టి నిప్పు మీద కాల్చే పద్ధతి అక్కడ ఉన్నది. తరువాత తరువాత ముద్దపిండి పోయి జారుపిండి వచ్చింది. పొర మీద పొర పోయడం అప్పటినుంచే. ఉత్తర జర్మనీలోని సాల్ట్స్‌వెడెల్ అనే చిన్న ఊరు దీనికి పెట్టింది పేరు. 1841లో ప్రష్యా రాజు నాల్గవ ఫ్రెడరిక్ విల్హెల్మ్ ఆ ఊరు వచ్చినప్పుడు ఈ కేకు తిని మెచ్చుకున్నాడని అక్కడివారు నేటికీ గొప్పగా చెప్పుకుంటారు. మన బందరు లడ్డుకూ, ఆత్రేయపురం పూతరేకులకూ భౌగోళిక గుర్తింపు వచ్చినట్టే, సాల్ట్స్‌వెడెల్ కేకు పేరుకు కూడా యూరపులో అటువంటి రక్షణ ఉన్నది.

జర్మనీవారు ఈ కేకు విషయంలో ఎంత పట్టింపుగలవారో చెబితే మీకు నవ్వు వస్తుంది. ఆ పేరుతో అమ్మాలంటే పిండి ఎంత ఉన్నదో వెన్న కనీసం అంత ఉండాలి, గుడ్డు కనీసం దానికి రెట్టింపు ఉండాలి, పొంగించే పొడి ఏదీ వెయ్యకూడదు అని అక్కడి ఆహార నిబంధనలలో వ్రాసి ఉన్నది. పొంగు రావలసినది గుడ్ల నురుగు వల్లనే గాని సోడాఉప్పు వల్ల కాదు.

బందీ చేతి వంట

జర్మనీకి వెలుపల ఈ కేకు బాగా వేళ్ళూనుకున్న దేశం ఏదని అడిగితే ఫ్రాన్సో, ఇంగ్లండో అంటారు. కాదు, జపాను. అక్కడ పెళ్ళికి వచ్చిన చుట్టాలకు ఇచ్చే కానుకలలో ఈ కేకుకు చోటున్నది. చెట్టు వలయాల లాగ దంపతుల కాపురం ఏటికేడు పెరగాలని వారి భావం. జర్మనీ కేకు అంత దూరం ఎలా వెళ్ళిందంటారా? ఒక యుద్ధఖైదీ చేతి మీదుగా వెళ్ళింది.

కార్ల్ యూఖ్‌హైమ్ అనే జర్మను కేకు పనివాడు చైనాలోని చింగ్‌తావ్‌లో దుకాణం పెట్టుకుని బతుకుతుండేవాడు. ఆ రేవు అప్పుడు జర్మనీ ఏలుబడిలో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1914లో, జపాను దానిని పట్టుకుని అక్కడి జర్మనులను బందీలుగా తన దేశానికి తరలించింది. యూఖ్‌హైమ్ కూడా వారిలో ఒకడై, చివరకు హిరోషిమా ఎదుట ఉన్న నినోషిమా దీవిలోని శిబిరానికి చేరాడు. 1919 మార్చి 4న హిరోషిమాలో జర్మను బందీలు చేసిన వస్తువులతో ప్రదర్శన మొదలయింది. అందులో యూఖ్‌హైమ్ చెట్టు కేకు కాల్చి అమ్మాడు. జపానులో ఆ కేకు కాలడం అదే మొదటిసారి.

విడుదలయ్యాక అతడు స్వదేశానికి పోలేదు. భార్య ఎలీజేతో కలిసి 1922లో యొకొహామాలో దుకాణం తెరిచాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన మహాభూకంపంలో అది నేలమట్టమయింది. అక్కడినుంచి కోబేకు పోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. రెండవ ప్రపంచయుద్ధంలో కోబే మీద బాంబులు పడ్డాయి. కొడుకు యుద్ధంలో పోయాడు. యూఖ్‌హైమ్ 1945 ఆగస్టు 14న కన్ను మూశాడు. మరునాడే జపాను చక్రవర్తి లొంగుబాటు ప్రకటన రేడియోలో వినిపించింది.

అంతకు ఎనిమిది రోజుల క్రితం, ఆగస్టు 6న, హిరోషిమా మీద అణుబాంబు పడింది. ఆ రోజు ఊరంతా కూలిపోగా గోడలతో, గుమ్మటపు ఇనుప చట్రంతో మిగిలిన ఒక భవనం ఉన్నది. ఈనాడు లోకమంతా దాని ఫొటో చూసి గుర్తుపడుతుంది. యునెస్కో 1996లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. 1919లో ఖైదీలు ప్రదర్శన పెట్టినదీ, యూఖ్‌హైమ్ కేకు అమ్మినదీ ఆ భవనంలోనే.

ఎలీజేను యుద్ధం తరువాత జర్మనీకి పంపివేశారు. కథ అక్కడితో ముగియవలసినది. కాని వారి దగ్గర పని నేర్చుకున్న జపానువారు ఆ పేరుతోనే దుకాణం మళ్ళీ తెరిచారు. 1953లో ఎలీజే తిరిగి వచ్చింది. భర్త లేని, కొడుకు లేని ఆ ముసలామె మళ్ళీ ఆ దుకాణంలో నిలబడి, 1971లో పోయేదాకా జపానులోనే ఉన్నది. ఆ దుకాణం నేటికీ నడుస్తున్నది. ప్రతి యేటా మార్చి 4ను జపానువారు చెట్టు కేకు రోజు అంటారు.

దుంగ లేకపోతేనేం?

ఇంతకీ మన ఇళ్ళలో తిరిగే దుంగ ఎక్కడిది? జర్మను గృహిణులకూ లేదు. వారు దానికొక ఉపాయం కనిపెట్టారు. మామూలు గుండ్రని టిన్నులో పలుచగా ఒక పొర పరిచి, పైనుంచి మాత్రమే సెగ తగిలేటట్టు కాలుస్తారు. కాలిన పొర మీద మరొక పొర. దుంగ మీద వలయాలైతే, టిన్నులో అంతస్తులు. రుచి ఒకటే. గోవాలో కొబ్బరిపాలతో చేసే బెబింకా, ఇండొనేషియాలో డచ్చివారి కాలంలో పుట్టిన పొరల కేకు, రెండూ ఈ పైసెగ పద్ధతిలోనివే.

మొదటిసారి నేను ఒక మే నెల మధ్యాహ్నం, అందరూ నిద్రపోతూ ఉండగా, ఒక్కదాన్నీ ఈ పనికి పూనుకున్నాను. నాలుగు పొరలు చక్కగా వచ్చాయి. ఐదవది కాలుతూండగా ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి బొగ్గు. దాన్ని గీకి, పోయిన కాలం కలిసివస్తుంది గదా అని తరువాతి పొర రెట్టింపు మందంగా పోశాను. పైన ఎర్రబడింది గాని లోపల పచ్చిపిండి! ఈలోగా ఎండవేడికి గిన్నెలోని నురుగంతా చచ్చి పిండి నీరుకారింది. సాయంత్రం కోసి చూస్తే అవి చెట్టు వలయాలు కావు, వానకు నానిన గోడ మీది మరకలు. మావారు మర్యాదకు ఒక ముక్క తిని, "పకోడీలు ఏమైనా ఉన్నాయా?" అన్నారు.

అప్పుడు తెలిసివచ్చింది. ఈ కేకులో కష్టమైన పని ఒక్కటీ లేదు. ఉన్నదల్లా గంటన్నరసేపు కదలకుండా నిలబడడం. మన ఇళ్ళలో ఆ నిలబడడం ఎప్పుడూ ఒక్కరి వంతే అవుతుంది. ఈ కేకు దానికి ఒప్పుకోదు. పిండి పరిచేవారు ఒకరు, గడియారం చూసేవారు మరొకరు ఉండి తీరాలి.

చేసే విధానం

కావలసినవి: ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, మెత్తగా పొడిచేసిన పంచదార 200 గ్రాములు, గుడ్లు 8, మైదా 100 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 100 గ్రాములు, చిటికెడు ఉప్పు, ఒక చెంచా వెనిల్లా ఎసెన్సు, ఒక నిమ్మకాయ తొక్క పైపైన తురిమినది. పై పూతకు 3 చెంచాల ఆప్రికాట్ జాము, 150 గ్రాముల నల్ల చాక్లెట్టు. అడుగు ఊడివచ్చే 20 సెంటీమీటర్ల టిన్ను ఒకటి.

ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ నీరు ఉంటుంది, దానితో ఇది కుదరదు. బజారు వెన్నే వాడండి. అది వేలితో నొక్కితే దిగబడేటంత మెత్తగా ఉండాలి గాని కరగకూడదు. వెన్న, సగం పంచదార కలిపి తెల్లబడేదాకా గిలకొట్టాలి. పచ్చసొనలు ఒక్కొక్కటే వేస్తూ మళ్ళీ గిలకొట్టాలి. ఎసెన్సు, నిమ్మతొక్క తురుము కలపాలి. వేరే గిన్నెలో తెల్లసొనలు, ఉప్పు వేసి నురుగు తేలేదాకా కొట్టి, మిగిలిన పంచదార కొంచెం కొంచెంగా చేర్చాలి. గిన్నె వంచినా నురుగు జారకూడదు. ఆ గిన్నెలో తడి గాని, నూనె జిడ్డు గాని, పచ్చసొన చుక్క గాని ఉన్నదా, నురుగు రాదు సుమా!

మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపి రెండుసార్లు జల్లించండి. ఇప్పుడు వెన్న మిశ్రమంలో కొంత నురుగు, కొంత పిండి, మళ్ళీ కొంత నురుగు, ఇలా మూడు విడతలుగా కలపాలి. గిరగిరా తిప్పరాదు. గరిటెను అడుగునుంచి పైకి తెస్తూ మడతపెట్టినట్టు కలపాలి. మన ఎండలకు ఈ పిండిగిన్నెను చల్లని నీళ్ళున్న పళ్ళెంలో ఉంచితే చివరిదాకా నురుగు నిలుస్తుంది.

టిన్ను అడుగున మాత్రమే బటరు పేపరు కత్తిరించి వెయ్యండి. అంచుల పైకి లేచిన కాగితం పైకడ్డీ వేడికి అంటుకుంటుంది. పక్కలకు వెన్న రాస్తే చాలు. గాజుపాత్రలు ఈ సెగకు పనికిరావు. ఓవెన్‌లో పైకడ్డీ ఒక్కటే వెలిగేటట్టు పెట్టి, 220 డిగ్రీల వేడి రానివ్వాలి. టిన్ను పైకడ్డీకి 12, 15 సెంటీమీటర్ల కిందుగా ఉండాలి. పైకడ్డీ లేని ఉత్త మైక్రోవేవ్‌లో ఈ కేకు రాదు.

మొదటి పొరకు మాత్రం కింది కడ్డీ కూడా వెలిగించండి, అడుగు గట్టిపడుతుంది. పొరకు మూడు పెద్ద చెంచాల పిండి. చెంచా వెనుకభాగంతో అంచులదాకా సమంగా పరచాలి. కింది పొర వేడికి పిండి కొద్దిగా కరిగి తనంతట తానే పరుచుకుంటుంది. మూడునుంచి ఐదు నిమిషాలలో పైన దోరగా వేగిన అప్పడం రంగు వస్తుంది. అంతకు ముందు తీస్తే గీత కనపడదు. ఆలస్యమైతే చేదు. పొర ఎక్కడైనా బుడగలా లేస్తే పుల్లతో పొడవండి. పొరలు పెరిగేకొద్దీ కేకు పైకడ్డీకి దగ్గరవుతుంది, కనుక చివరి పొరలను మరింత కనిపెట్టి చూడాలి. ఈ లెక్కన పదిహేను పొరలు వస్తాయి.

అంతా అయ్యాక పది నిమిషాలు ఆగి, చాకుతో అంచులు వదులుచేసి బోర్లించండి. గోరువెచ్చని జాము పలుచగా రాసి, అది ఆరాక కరిగించిన చాక్లెట్టు పొయ్యండి. ఆ రోజే కోయకండి. ఒక రాత్రి ఆగితే పొరలు ఒకదానికొకటి పట్టుకుంటాయి. గుడ్డు తినని ఇళ్ళవారు దీనికి బదులు వేరే కేకు చూసుకోవడం మంచిది. ఇందులో గుడ్డు తీసేస్తే మిగిలేది ఏమీ లేదు.

గడప దగ్గర లెక్క

రెండవసారి ఒక ఆదివారంనాడు మొదలుపెట్టాం. పిండి పరచడం నాది. గడియారం మావారిది. పొర పొరకూ కాగితం మీద గీత గీయడం మా అబ్బాయిది.

మా అత్తగారి సంగతి ఇక్కడ చెప్పాలి. మామగారు పోయిన దగ్గరనుంచి ఆవిడ వంటింట్లోకి రావడం మానేశారు. ఏభై ఏళ్ళు వంటిల్లు ఏలిన మనిషి, పెట్టినది తిని లేచిపోయేవారు. ఎందుకు రారని మేమూ అడగలేదు. ఆ రోజు ఇంట్లోవాళ్ళందరమూ ఒకచోట చేరేసరికి ఏం జరుగుతున్నదో చూడడానికి గడపదాకా వచ్చారు. ఓవెన్‌లో పైన మాత్రమే ఎర్రగా వెలుగుతున్న కడ్డీని చూసి, "ఇదేమిటే, పైనిప్పు వంటా? దిబ్బరొట్టె ఇట్లాగే గదా కాల్చేవాళ్ళం! అడుగున సన్నసెగ, మూత మీద నిప్పులు" అన్నారు. ఒక పీట తెప్పించుకుని గడప దగ్గర కూర్చున్నారు.

అక్కడినుంచి మావారి గడియారానికి విలువ పోయింది. ఆయన "నాలుగు నిమిషాలయింది" అంటే, ఆవిడ "ఇంకా కాలేదు, పచ్చి వాసన పోలేదు" అంటారు. తలుపు తీసి చూస్తే నిజంగానే కాలి ఉండదు. మరొకసారి "తియ్యండి, తియ్యండి" అన్నారు. అప్పటికి మూడు నిమిషాలు కూడా కాలేదు. తీసి చూస్తే అప్పడం రంగు వచ్చేసింది. పన్నెండవ పొర దగ్గర మాత్రం ఆవిడ మంచినీళ్ళకు లేచారు. ఆ పొర గడియారం ప్రకారం దిగింది.

మరునాడు పొద్దున కోశాం. వలయాలు కావు, అంతస్తులే. అయినా ఒకదాని మీద ఒకటి చీర మడతల్లా స్పష్టంగా ఉన్నాయి. అత్తగారు గుడ్డు ముట్టరు గనుక రుచి చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ముక్క ఉన్న పళ్ళెం దగ్గరకు తీసుకుని, పుల్లతో చూపిస్తూ గీతలన్నీ లెక్కపెట్టారు. "పదిహేనూ ఉన్నాయి. ఇదిగో, ఈ పన్నెండోది కాస్త మాడింది. ఇది వాడి గడియారం" అన్నారు. మావారితో సహా అందరం నవ్వాం.

పళ్ళెం కింద పెట్టి ఆవిడ కాసేపు ఊరుకున్నారు. తరువాత, "వచ్చే శనివారం రాత్రి మినప్పప్పు నానబొయ్యి. ఆ అటక మీది ఇత్తడి మూకుడు దింపించు. నేను కాలుస్తాను" అన్నారు.